ముందు ముద్దాయి, తరవాత సాక్ష్యం

2017 ఏప్రిల్ 2, ఆదివారం. మన రాజమహేంద్రవరం సెంట్రల్ జైలు నుంచి ఒక యువకుడు విడుదలయ్యాడు. పేరు పిడతల సత్యంబాబు. ఊరు అప్పటి కృష్ణా జిల్లా నందిగామ దగ్గర అనాసాగరం. దళిత కుటుంబం, కూలి చేసుకుంటే తప్ప గడవని ఇల్లు. 2008 ఆగస్టులో అతన్ని అరెస్టు చేశారు. బయటి గాలి పీల్చుకునేసరికి ఎనిమిదేళ్లు దాటిపోయాయి. విడుదలకు రెండు రోజుల ముందే, మార్చి 31న, హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు అతన్ని నిర్దోషిగా తేల్చింది. జస్టిస్ సి.వి. నాగార్జునరెడ్డి, జస్టిస్ ఎం.ఎస్.కె. జైస్వాల్ ఆ తీర్పు ఇచ్చారు. దర్యాప్తు తీరును గట్టిగా తప్పుబట్టారు. సత్యంబాబుకు లక్ష రూపాయలు చెల్లించాలన్నారు, బాధ్యులైన అధికారుల మీద చర్య తీసుకోవాలన్నారు.

ఏ కేసు సంగతి చెబుతున్నానో మీలో చాలామందికి ఈపాటికి తెలిసే ఉంటుంది. 2007 డిసెంబరు 27. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో ఒక ప్రైవేటు లేడీస్ హాస్టల్. బీఫార్మసీ చదువుతున్న తెనాలి అమ్మాయి తెల్లారేసరికి బాత్రూములో శవమై కనిపించింది. అత్యాచారం, హత్య. రాష్ట్రమంతా అట్టుడికిపోయింది. ఆ అమ్మాయి పేరు అందరి నోటా నానింది కానీ నేనిక్కడ చెప్పను. అత్యాచారానికి గురైన ఆడపిల్ల పేరు, ఆమె చనిపోయినా సరే, బయటపెట్టకూడదని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ మాటను నేను గౌరవిస్తాను.

ఆ హత్య ఎవరు చేశారో ఈనాటికీ తేలలేదు. ఒక మనిషి దోషి అని 2010 సెప్టెంబరులో విజయవాడ మహిళా కోర్టు శిక్ష వేసింది. ఆ మనిషి కాదని హైకోర్టు కొట్టేసింది. మరి ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు దొరక్కపోవడానికి కారణం హంతకుడి తెలివితేటలు కావు. సాక్ష్యం ఎటు తీసుకెళ్తే అటు వెళ్లవలసిన దర్యాప్తు, ముందు మనిషిని పట్టుకుని తరవాత సాక్ష్యం కోసం వెతికింది. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదే.

మొదటి నెలల్లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. ఒకరి తరవాత ఒకరుగా అనుమానితులు వచ్చారు, పోయారు. ఇవాళ ఒక పేరు, వచ్చేవారం ఇంకో పేరు. టీవీల్లో చర్చలు, వీధుల్లో ధర్నాలు, హంతకుణ్ని ఎప్పుడు పట్టుకుంటారని అసెంబ్లీ దాకా నిలదీతలు. ఎనిమిది నెలలు గడిచాక సత్యంబాబును ముందుకు తెచ్చి, ఇతనే అన్నారు.

పోలీసులు చెప్పిన కథ ఏమిటి? బయటి మనిషి ఒక్కడే అర్ధరాత్రి హాస్టల్లోకి చొరబడ్డాడు. రోకలిబండతో కొట్టి చంపాడు. అత్యాచారం చేశాడు. శవాన్ని బాత్రూము దాకా తీసుకెళ్లాడు. ఎవరి కంటా పడకుండా వచ్చిన దారినే వెళ్లిపోయాడు. అది ఆడపిల్లలు నిండుగా ఉన్న హాస్టలు. పక్కగదిలో నిద్రపోతున్నవాళ్లకు అలికిడి వినపడలేదా? ఈ ప్రశ్న ఆ పిల్ల తల్లి మొదటి రోజు నుంచీ అడుగుతూనే ఉంది. కన్నకూతుర్ని పోగొట్టుకున్న తల్లి సాధారణంగా ఏమంటుంది? పోలీసులు చూపించినవాణ్ని ఉరి తీయండి అంటుంది. ఈ తల్లి అలా అనలేదు. సత్యంబాబు మా అమ్మాయిని చంపలేదు, అసలువాళ్లను తప్పిస్తున్నారు అని, భర్తతో కలిసి ఊరూరా తిరిగి చెప్పింది. ముద్దాయి నిర్దోషి అని హతురాలి కన్నవాళ్లే ఏళ్ల తరబడి పోరాడిన కేసు మన రాష్ట్రంలో ఇంకోటి నాకు తెలియదు. ఆ మాటకు దర్యాప్తు అధికారులు ఏం విలువ ఇచ్చారు?

సత్యంబాబు ఆరోగ్యం సంగతి కూడా చెప్పాలి. అతనికి గియాన్-బారే సిండ్రోమ్ అనే నరాల జబ్బు ఉందని డాక్టర్లు చెప్పారు. కాళ్లు స్వాధీనంలో లేని అతన్ని మనుషులు ఎత్తుకుని కోర్టుకు తీసుకురావడం టీవీల్లో చూశాం. ఇక్కడ తొందరపడకూడదు. ఆ జబ్బు కొద్ది రోజుల్లోనే, ఒక్కోసారి ఉన్నట్టుండి, మనిషిని పడగొడుతుంది. అరెస్టయ్యాక నడవలేకపోయాడు కాబట్టి హత్య జరిగిన రాత్రి కూడా నడవలేడని తీర్మానించలేం. అయితే ఈ మనిషి ఆ రాత్రి ఆ పని చేయగలడా అన్న ప్రశ్న దర్యాప్తు చేసేవాడికి నిద్ర పట్టనివ్వకూడదు. వేరేవాళ్లు అడిగేదాకా ఆగకుండా తనకు తానే వేసుకోవలసిన ప్రశ్న అది.

పక్షపాతం అనగానే మనకు పెద్దవాళ్ల ఫోన్లు, చేతులు మారిన డబ్బు గుర్తొస్తాయి. ఈ కేసులోనూ రాజకీయ కుటుంబాలకు చెందినవాళ్ల పేర్లు వినిపించాయి. అవి నేను చెప్పను. ఏ కోర్టూ వాళ్లను దోషులనలేదు. రుజువు లేకుండా ఒక పేరు ఊరిమీద వదిలేస్తే, సత్యంబాబుకు జరిగిన అన్యాయాన్నే ఇంకొకరికి చేసినవాళ్లం అవుతాం. ఫోన్లూ డబ్బూ లేకుండా కూడా పక్షపాతం ఉంటుంది. తప్పించుకోలేనివాడు, లాయరును పెట్టుకోలేనివాడు, పట్టుకుపోయినా ఊళ్లో అడిగే దిక్కు లేనివాడు. అనుమానం మొదట వాలేది వాడిమీదే. చిన్నాచితకా దొంగతనం కేసు ఉంటే ఇక చెప్పక్కర్లేదు. పైనుంచి కేసు తేల్చెయ్యండి అని ఒత్తిడి వస్తే, ఆ అనుమానం రెండు వారాల్లో చార్జిషీటు అవుతుంది. వాడికి అనుకూలంగా ఉన్న ముక్కను పక్కన పడేస్తారు, వ్యతిరేకంగా ఉన్న ముక్కను ఫైల్లో పెడతారు. ఇదంతా చేసే అధికారి తాను అబద్ధం ఆడుతున్నానని అనుకోకపోవచ్చు కూడా.

పోలీసుల ముందు ఒప్పుకున్న నేరం కోర్టులో చెల్లదు. ఈ నియమం 1872 నాటి సాక్ష్యాధారాల చట్టంలో 25వ సెక్షను. ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమంలో 23వ సెక్షను. ఇంగ్లీషువాళ్లు మనమీద దయతో ఈ నియమం పెట్టలేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో రైతుల దగ్గర శిస్తు రాబట్టడానికీ, అనుమానితుల చేత నేరం ఒప్పించడానికీ చిత్రహింసలు పెడుతున్నారని గోల పుట్టింది. దానిమీద వేసిన విచారణ సంఘం 1855లో నివేదిక ఇచ్చింది. మన రాజమండ్రి ప్రాంతం అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోనే ఉంది. ఆ తరవాత 1861 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోనూ, ఆపై 1872 చట్టంలోనూ ఈ కట్టడి వచ్చింది. మన తాతల తాతలు పడ్డ దెబ్బలకు ఫలితంగా పుట్టిన రక్షణ ఇది. ఇవాళ ఏ పెద్ద కేసులోనైనా ఏం చూస్తున్నాం? ముద్దాయికి ముసుగు వేసి నిలబెట్టి, నేరం ఒప్పుకున్నాడు అని ప్రెస్‌మీట్ పెడతారు. కోర్టులో చెల్లని మాట ఆ సాయంత్రమే ఊరంతటికీ తీర్పు అయిపోతుంది. ఆ తరవాత కోర్టు నిర్దోషి అన్నా, ఏదో లొసుగు పట్టుకుని బయటపడ్డాడు అని మనమే అంటాం.

ఒప్పుకోలు చెల్లకపోతే డీఎన్ఏ ఉందిగా అంటారు. సత్యంబాబు కేసులోనూ డీఎన్ఏ సరిపోయిందనే పోలీసులు చెప్పారు. చివరికి హైకోర్టు ముందు ఆ కేసు నిలవలేదు. శాస్త్రం అబద్ధం చెబుతుందా అని మీకు సందేహం రావచ్చు. శాస్త్రం తన చేతికి వచ్చిన కవరులో ఉన్నదాన్ని పరీక్షిస్తుంది. ఆ కవరులోకి అది ఎలా వచ్చిందో ల్యాబులో కూర్చున్న మనిషికి తెలియదు.

ఆ కవరును కాస్త దగ్గరగా చూద్దాం. నేరం జరిగిన చోట రక్తమో వీర్యమో అంటిన గుడ్డ దొరికిందనుకోండి. దాన్ని చేత్తో ముట్టకూడదు. తడిగా ఉంటే నీడలో గాలికి ఆరనివ్వాలి. ఆరాక కాగితం కవరులో పెట్టాలి. ప్లాస్టిక్ సంచిలో వేస్తే చెమ్మ లోపలే చిక్కుకుని బూజు పడుతుంది, డీఎన్ఏ పాడైపోతుంది. మన కోస్తా ఉక్కపోతలో అందుకు ఎక్కువ కాలం కూడా పట్టదు. కవరు మీద తారీఖు, టైము, ఎక్కడ దొరికింది, ఎవరు తీశారు అన్నీ రాయాలి. మధ్యవర్తులు సంతకాలు చేసిన చీటీ అంటించాలి. దారం చుట్టి, లక్క కరిగించి సీలు వెయ్యాలి. ఆ సీలు నమూనా విడిగా ల్యాబుకు పంపాలి. అక్కడ కవరు విప్పేవాడు ముందు సీలును పోల్చి చూసి, చెక్కుచెదరలేదు అని రాయాలి. స్టేషన్లో ఏ గదిలో ఎన్నాళ్లుంది, ఏ కానిస్టేబులు పట్టుకెళ్లాడు, ఏ రోజు అప్పగించాడు అన్నది రిజిస్టరులో ఉండాలి. ఈ గొలుసులో ఒక్క లంకె ఊడినా, డీఎన్ఏ రిపోర్టులో సరిపోయింది అన్న మాటకు విలువ ఉండదు.

ఢిల్లీ చావ్లా ప్రాంతంలో 2012లో ఒక యువతిని ఎత్తుకుపోయి చంపిన కేసులో ఇదే అయింది. నమూనాలు ల్యాబుకు వెళ్లకుండా దాదాపు 11 రోజులు పోలీస్ స్టేషన్లో స్వాధీన వస్తువులుంచే మాల్‌ఖానాలోనే ఉండిపోయాయి. ఆ మధ్యలో ఎవరూ తాకలేదని చెప్పే ఆధారం లేదు. కింది కోర్టు, హైకోర్టు మరణశిక్ష వేసిన ముగ్గుర్నీ 2022 నవంబరులో సుప్రీంకోర్టు వదిలేసింది. ఆ అమ్మాయి తల్లిదండ్రులు కుప్పకూలిపోయారు. వాళ్ల దుఃఖానికి కోర్టును తిట్టి లాభం లేదు. ఆ 11 రోజుల సంగతి అడగాలి. చివరికి 2025 జూలైలో సుప్రీంకోర్టు దేశం మొత్తానికి ఒక ఆదేశం ఇచ్చింది. డీఎన్ఏ నమూనాలు 48 గంటల్లో ల్యాబుకు చేరాలి. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారాయో చూపించే రిజిస్టరు ఉండాలి, కేసు పూర్తయ్యేదాకా దాన్ని భద్రంగా ఉంచాలి.

డీఎన్ఏ కథలో చాలామందికి తెలియని ముక్క ఒకటుంది. నేరపరిశోధనకు దాన్ని మొట్టమొదట వాడింది ఇంగ్లండులో, లీస్టర్ దగ్గర పల్లెల్లో. 1983లో ఒక అమ్మాయి, 1986లో ఇంకో అమ్మాయి హత్యకు గురయ్యారు. పోలీసులు 17 ఏళ్ల కుర్రాణ్ని పట్టుకున్నారు. ఒక హత్య చేశానని వాడు ఒప్పుకున్నాడు కూడా. లీస్టర్ విశ్వవిద్యాలయంలో అలెక్ జెఫ్రీస్ పరీక్ష చేసి చూస్తే, రెండు హత్యలూ ఒకే మనిషి చేశాడనీ, ఈ కుర్రాడు ఆ మనిషి కాదనీ తేలింది. అసలు హంతకుడు ఆ తరవాత దొరికాడు, 1988లో శిక్ష పడింది. అంటే డీఎన్ఏ ముందు ఒక నిర్దోషిని విడిపించి, ఆ తరవాతే దోషిని పట్టించింది. మన హైదరాబాదులో డాక్టర్ లాల్జీ సింగ్ ఈ విద్యను మన దేశానికి అలవాటు చేశారు. 1996లో డీఎన్ఏ వేలిముద్రల కేంద్రానికి ప్రాణం పోశారు. విద్యకు కొదవ లేదు. కవరు జాగ్రత్తే లేదు.

ఇబ్రహీంపట్నం కేసులో జాగ్రత్త సంగతి వింటే మనసు వికలమైపోతుంది. హైకోర్టు తీర్పు వచ్చాక, 2018 జనవరిలో కొత్తగా ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేశారు. వాళ్లు మళ్లీ మొదలుపెడదామని చూస్తే విజయవాడ కోర్టులో ఉండాల్సిన వస్తువులు లేవు. ధ్వంసం చేసేశారు. హైకోర్టులో అప్పీలు తేలకముందే ఆ పని జరిగిపోయింది. కేసు ప్రాపర్టీని అప్పీళ్లన్నీ ముగిసేదాకా ఉంచాలన్నది ఏ బెంచి గుమాస్తాకైనా తెలిసిన సంగతి. ఎవరి అజాగ్రత్తో, ఎవరి ఆజ్ఞో! 2018 నవంబరు 29న హైకోర్టు కేసును సీబీఐకి అప్పగిస్తూ, ఈ ధ్వంసం సంగతి కూడా తేల్చమంది.

వస్తువులు లేవు కాబట్టి సీబీఐ చివరికి ఎక్కడికి వెళ్లిందో తెలుసా? తెనాలి ఖబరస్తానుకు. 2019 డిసెంబరు 14న, పూడ్చిపెట్టిన పన్నెండేళ్లకు, ఆ పిల్ల సమాధి తవ్వించారు. ఫోరెన్సిక్ నిపుణులు ఎముకలు తీసి పరీక్షకు పట్టుకెళ్లారు. మతాచారం ప్రకారం అది తప్పని పెద్దలు అభ్యంతరం చెప్పారు. న్యాయం జరుగుతుందంటే అదీ భరిస్తామని తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. ఒక గుడ్డముక్కను బీరువాలో దాచి ఉంచితే ఆ సమాధి తవ్వే పని తప్పి ఉండేదేమో. ఆ తల్లి ఆ రోజు అక్కడ నిలబడటం తప్పి ఉండేదేమో.

2025లో సీబీఐ తన నివేదిక హైకోర్టు ముందు పెట్టింది. ఇన్నేళ్లకు కూడా, ఈ మనిషి హంతకుడు అని రుజువై నిలిచిన తీర్పు ఒక్కటీ లేదు.

దీనివల్ల నష్టపోయింది ఆ రెండు కుటుంబాలే కాదు. 2025 మార్చిలో మన రాజమహేంద్రవరం దగ్గర కొంతమూరులో హైవే పక్కన ఒక క్రైస్తవ ప్రబోధకుడు చనిపోయి కనిపించారు. పోలీసులు హైదరాబాదు నుంచి ఇక్కడిదాకా దారి పొడవునా సీసీ కెమెరాల దృశ్యాలు సేకరించారు, ఇది రోడ్డు ప్రమాదమేనని ప్రకటించారు. నమ్మినవాళ్లు నమ్మారు, నమ్మనివాళ్లు ఇప్పటికీ నమ్మడం లేదు. ఆ కేసు తప్పొప్పులు తేల్చడం నా పని కాదు. ఒక్కటి గమనించండి. దర్యాప్తు మీద నమ్మకం ఒకసారి పోయాక, పోలీసులు నిజంగానే కష్టపడి దృశ్యాలు చూపించినా జనం సందేహంగానే చూస్తారు. నిజాయతీగా పనిచేసే ఎస్ఐలు, సీఐలు మన జిల్లాల్లో ఎందరో ఉన్నారు. పాత తప్పులకు జవాబుదారీ లేకపోతే ఆ బరువు వాళ్లమీదే పడుతుంది.

జవాబుదారీ ఎలా ఉండాలో కూడా సుప్రీంకోర్టు చెప్పింది. 2014 జనవరిలో, గుజరాత్‌కు చెందిన కిషన్‌భాయ్ కేసులో, ప్రతి రాష్ట్రమూ ఒక ఏర్పాటు చేసుకోవాలంది. కేసు కొట్టేసినప్పుడల్లా ఎందుకు కొట్టేశారో చూడాలి. దర్యాప్తులో తప్పు ఉంటే ఆ అధికారిని గుర్తించి శాఖాపరమైన చర్య తీసుకోవాలి. అంతకు ముందు 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో, దర్యాప్తు చేసే పోలీసులను బందోబస్తు పోలీసుల నుంచి వేరు చెయ్యమంది. మంత్రిగారి పర్యటనకూ హత్యకేసుకూ ఒకే సీఐ పరుగెత్తుతుంటే, ఏ రెండు పనులూ సరిగా కావు. 2020 డిసెంబరులో ప్రతి పోలీస్ స్టేషన్లో సీసీ కెమెరాలు పెట్టమంది. 2018లో లా కమిషన్ తన 277వ నివేదికలో, తప్పుడు కేసుల్లో నలిగిపోయినవాళ్లకు పరిహారం ఇచ్చే చట్టం తెమ్మంది. ఆ చట్టం రాలేదు. ఎనిమిదేళ్ల యవ్వనానికి ఎంత కట్టాలో చెప్పే లెక్క మన దగ్గర ఇప్పటికీ లేదు.

మంచి మాట కూడా ఒకటుంది. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టం, భారతీయ నాగరిక సురక్ష సంహిత, రెండు మార్పులు తెచ్చింది. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలానికి రావాలి. దీన్ని అమల్లో పెట్టడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువిచ్చారు. రెండోది, సోదా చేసినా, వస్తువు స్వాధీనం చేసుకున్నా, మధ్యవర్తులు సంతకం పెట్టేదాకా అంతా వీడియో తియ్యాలి.

ఈ మధ్యవర్తుల దగ్గరే నాకు మీతో పని ఉంది. పంచనామా మీద సంతకం పెట్టే ఆ ఇద్దరూ ఎవరు? మీలాంటివాళ్లే. ఊళ్లో వీఆర్వో, పక్క షాపు యజమాని, స్టేషన్ ఎదురుగా టీ కొట్టు నడిపే మనిషి. నేరం జరిగిన చోటికి వెళ్లకుండానే, రైటరు రాసి పెట్టిన కాగితం మీద స్టేషన్లోనే సంతకం పెట్టి వచ్చినవాళ్లు కోనసీమ నుంచి కొవ్వూరు దాకా ఎందరో ఉన్నారు. పెద్దాయన అడిగారు, కాదనలేకపోయాను అంటారు. నాలుగేళ్లకు కోర్టు నుంచి సమన్లు వస్తాయి. బోనులో నిలబెట్టి, ఈ కత్తి మీ ఎదుటే దొరికిందా అని అడుగుతారు. ఔనంటే అబద్ధం, కాదంటే కేసు పోతుంది. నేరస్థుడైతే బయటపడతాడు, నిర్దోషి అయితే అప్పటికే నాలుగేళ్లు జైల్లో ఉంటాడు.

కాబట్టి నా విన్నపం వినండి. పోలీసులు మధ్యవర్తిగా రమ్మని పిలిస్తే వెళ్లండి. రాతపూర్వకంగా పిలిచినప్పుడు కారణం లేకుండా వెళ్లకపోవడం చట్టరీత్యా తప్పు కూడా. వెళ్లాక చివరిదాకా అక్కడే ఉండండి. వస్తువు ఎక్కడ దొరికిందో మీ కళ్లతో చూడండి. కవరు మీ ముందే మూయమనండి, సీలు మీ ముందే వేయమనండి, వీడియో తీస్తున్నారో లేదో అడగండి. రాసినదంతా చదవండి, చదువు రాకపోతే చదివించుకోండి. కాగితం మీద ఉన్నది మీరు చూసిందే అయితే సంతకం పెట్టండి. చూడనిది ఒక్క ముక్క ఉన్నా, అడిగినవారు ఎంత పెద్దవారైనా సరే, పెట్టకండి.